దిగేటప్పుడు ఎడమకి, లేచేటప్పుడు కుడికి

బంప్ స్టీర్‌కి తెలుగులో పేరు లేదు. నేను తిరిగిన షెడ్లలో ఆ ఇంగ్లీషు పేరు కూడా ఎవరూ వాడలేదు. "బండి లాగుతోంది" అంటారు, "కొట్టుకుంటోంది" అంటారు, "చేతిలో నిలవట్లేదు" అంటారు. ఈ మాటలు చాలా జబ్బులకి సరిపోతాయి. ఒక పక్క బ్రేకు పట్టేసినా బండి లాగుతుంది. ఒక టైర్లో గాలి తగ్గినా లాగుతుంది. చక్రం బ్యాలెన్స్ తప్పితే స్టీరింగ్ కొట్టుకుంటుంది. పేరు లేని జబ్బుతో వచ్చే చిక్కు ఏంటంటే, ముందు పేరున్న జబ్బులన్నిటికీ మందు వేసి చూస్తారు. ఏదీ పనిచెయ్యకపోతే అసలు జబ్బే లేదనేస్తారు.

మా ఇంట్లో అదే జరిగింది. బండికేం లేదు, నడిపే మనిషికే ఏదో అయిందన్నారు.

ఆ మనిషి మా నాన్న. ఇప్పుడు 74 ఏళ్ళు. బండి 1984లో కొన్న అంబాసిడర్, మార్క్ 4. మా ఊరు గుడివాడకి దగ్గర. ఊళ్ళోంచి మెయిన్ రోడ్డెక్కాలంటే కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు రావాలి. డెల్టాలో నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. దాని మీద పోసిన తారు కొన్నేళ్ళకే అలలు తేలిపోతుంది. పెద్ద గుంటలేం కనపడవు, రోడ్డే మెల్లగా దిగుతూ లేస్తూ ఉంటుంది. కాస్త వేగంగా వెళ్తే ప్రతి అలకీ బండి ముందు భాగం ఒకసారి కూర్చుని లేస్తుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం. ఎదురుగా ట్రాక్టరొస్తే ఇద్దరిలో ఒకళ్ళు తారు దిగాల్సిందే.

ఆ రోడ్డు మీద ఏడాదిన్నరగా నాన్న ఒకటే మాట చెప్తూ వచ్చాడు. "గుంటలో దిగేటప్పుడు ఎడమకి పోతోంది. లేచేటప్పుడు కుడికొస్తోంది. నేనేం తిప్పట్లేదు." ఎవరికి చెప్పినా అదే వరసలో, అవే మాటల్లో చెప్పేవాడు. పెద్దవాళ్ళు ఒకే మాట పదిసార్లు చెప్తే మనం వినడం మానేస్తాం. అలా వినడం మానేసిన మాటల్లో ఇదొకటైంది.

వీల్ అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించారు. మూడుసార్లూ కంప్యూటర్ కాగితం మీద అంకెలన్నీ ఆకుపచ్చ రంగులోనే వచ్చాయి. టైరాడ్ ఎండ్లు మార్చారు. బుష్షులు మార్చారు. తర్వాత ఒక సాయంత్రం గడ్డిమోపులతో వస్తున్న ట్రాక్టర్‌ని దాటేటప్పుడు మా బండి అటు జరిగి కుడి పక్క అద్దం ఎగిరిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి అన్నయ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "నాన్న చేతులు వణుకుతున్నాయేమో, న్యూరాలజిస్ట్‌కి చూపిద్దాం" అన్నాడు. అమ్మ బండి అమ్మేద్దామంది. ఆ నెలాఖరుకి ఊరొచ్చిన అన్నయ్య, వెళ్తూ వెళ్తూ తాళాలు తన బ్యాగులో వేసుకున్నాడు. నాన్న ఏం అనలేదు. అరుగు మీద కూర్చుని పేపర్ చదువుకున్నాడు.

నేను మెకానికల్ చదివాను. పుస్తకంలో ఈ పాఠం ఉంది. అప్పట్లో నాకది నాలుగు మార్కుల ప్రశ్న. తాళాలు బ్యాగులోకి వెళ్ళడం చూశాక నాన్న మాటని ఫిర్యాదులా కాకుండా పరిశోధకుడు రాసుకున్న పరిశీలనలా మళ్ళీ ఒకసారి చదివాను. దిగేటప్పుడు ఎడమ, లేచేటప్పుడు కుడి. చెయ్యి వణికితే అటూ ఇటూ ఎప్పుడుబడితే అప్పుడు వణకాలి. గుంట అడుగున ఎడమకీ గట్టు మీద కుడికీ లెక్కగా వణికే చెయ్యి ఎక్కడా ఉండదు.

*

ఒక చిన్న పని చేసి చూడండి. మోచెయ్యి బల్ల మీద ఆనించి, ముంజేతిని బల్లకి సమాంతరంగా ముందుకి చాపండి. ఇప్పుడు మోచెయ్యి కదపకుండా అరచేతిని పైకెత్తండి. వేళ్ళ కొసలు నిలువుగా పైకి పోవు. లేస్తూ లేస్తూ మీ వైపుకి వస్తాయి. ఒక చివర కీలు ఉన్న ఏ వస్తువైనా ఇంతే, రెండో చివర వృత్తంలో ఒక ముక్కని గీస్తుంది. చెయ్యి పొట్టిదైతే ఆ వంపు ఎక్కువ, పొడుగుదైతే తక్కువ.

కారు ముందు చక్రాన్ని అలాంటి చేతులు రెండు పట్టుకుని ఉంటాయి, కిందొకటి, పైనొకటి. లోపలి చివర బాడీకి కీలు, బయటి చివర చక్రాన్ని మోసే ముక్కకి కీలు. చక్రం గుంటలో దిగి లేచినప్పుడల్లా ఈ రెండు చేతులూ తమ తమ వృత్తాలు గీస్తాయి. చక్రం ఎటు కదలాలో ఆ రెండు వృత్తాలూ కలిసి తేలుస్తాయి. కొంచెం పక్కకి జరుగుతుంది, కొంచెం వాలుతుంది, ఇదంతా డిజైనర్ ముందే లెక్కేసుకున్నదే.

వీటితో పాటు మూడో చెయ్యి ఒకటుంది, టైరాడ్. లోపలి చివర స్టీరింగ్ రాక్‌కి, బయటి చివర చక్రం దగ్గరున్న స్టీరింగ్ ఆర్మ్‌కి తగిలించి ఉంటుంది. చక్రాన్ని ఎడమకో కుడికో తిప్పేది ఇదే. చక్రం లేచినప్పుడు ఇదీ తనతో పాటు లేస్తుంది, తన వృత్తం తను గీస్తుంది. ఈ మూడో వృత్తం మిగతా రెండిటితో కుదిరితే అంతా నిశ్శబ్దంగా జరిగిపోతుంది. కుదరకపోతే? టైరాడ్ గట్టి ఇనప కడ్డీ, సాగదు, కుంచించుకుపోదు. దాని బయటి చివర రావాల్సిన చోటికి రాకుండా రెండు మిల్లీమీటర్లు లోపలే ఆగిపోతే, ఆ రెండు మిల్లీమీటర్ల కోసం చక్రమే తిరగాలి. డ్రైవర్ స్టీరింగ్‌ని ఎంత కదలకుండా పట్టుకున్నా తిరుగుతుంది. బంప్ స్టీర్ అంటే ఇదే.

ఇది జరక్కుండా ఉండాలంటే పాటించాల్సిన సూత్రం నాకు ఇప్పటికీ అందంగానే కనిపిస్తుంది. కారుని ఎదురుగా నించుని చూస్తున్నామనుకుందాం. పై చెయ్యి మీదుగా ఒక గీత, కింది చెయ్యి మీదుగా ఒక గీత కారు మధ్యకి పొడిగించుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట రెండూ కలుస్తాయి. అది చాలాసార్లు అవతలి చక్రాన్ని కూడా దాటి, ఖాళీ గాలిలో ఉంటుంది. అక్కడ బోల్టు లేదు, బేరింగ్ లేదు, ఏమీ లేదు. కానీ ఆ క్షణానికి చక్రం ఆ బిందువుని పట్టుకుని ఊగుతున్నట్టే ప్రవర్తిస్తుంది. టైరాడ్ గీత కూడా సూటిగా ఆ బిందువు వైపే చూడాలి. ఇది మొదటి షరతు. టైరాడ్ పొడవు కూడా సరిగ్గా ఉండాలి. స్థూలంగా చెప్పాలంటే, దాని లోపలి కీలు రెండు చేతుల లోపలి కీళ్ళనీ కలిపే గీత మీదా, బయటి కీలు బయటి కీళ్ళని కలిపే గీత మీదా పడాలి. ఇది రెండో షరతు. దిశ తప్పితే చక్రం లేచేటప్పుడు ఒక వైపుకీ దిగేటప్పుడు ఇంకో వైపుకీ తిరుగుతుంది. పొడవు తప్పితే లేచినా దిగినా ఒకే వైపుకి తిరుగుతుంది.

నాన్న చెప్పింది మొదటి రకం. ఎడమ, తర్వాత కుడి. అంటే పొడవులో తేడా కాదు, ఎత్తులో తేడా. కింద పడుకుని చూడకముందే ఇంతవరకు ఆయన మాటలోంచే తేలిపోయింది.

*

పాత కార్లు చెడ్డ డిజైన్లని కాదు. వృత్తాలతో ఈ తగువు కార్లకంటే పాతది. 1784లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం కోసం, వంపుల్లో తిరిగే కడ్డీలు కలిసి దాదాపు తిన్నని గీత గీసేలా ఒక అమరికకి పేటెంట్ తీసుకున్నాడు. తను కనిపెట్టిన వాటన్నిటిలోకీ అదే తనకి ఎక్కువ గర్వంగా ఉందని ముసలితనంలో కొడుక్కి రాసుకున్నాడు.

మొదట్లో కార్ల ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి ఉండేవి, ఇప్పటికీ చాలా లారీలకి ఉన్నట్టు. ఇరుసు కట్టల స్ప్రింగు మీద ఒక వంపులో ఆడుతుంది, స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే కడ్డీ ఇంకో వంపులో ఆడుతుంది. రెండూ కుదరకపోతే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. 1934లో జనరల్ మోటార్స్ కొన్ని కార్లకి ముందు చక్రాలని విడివిడిగా, పైనొక పొట్టి చెయ్యీ కిందొక పొడుగు చెయ్యీ పెట్టి ఆడించింది. దాని వెనక అంతకుముందు రోల్స్ రాయిస్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీరున్నాడు. ప్రయాణం మెత్తగా అయింది. కానీ ఒక్కో చక్రానికీ తన వంపు తనకొచ్చింది, దానికి తగ్గ టైరాడ్ లెక్క కొత్త తలనొప్పి అయింది.

మా బండి వంశం 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనకి వెళ్తుంది. ఆ ఏడు అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన మోరిస్ మైనర్, దానికి అన్నలాంటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అక్కడ కనిపించాయి. రెండిటికీ ముందు చక్రాలు విడివిడిగా ఆడేవి. స్ప్రింగుల బదులు మెలిపడి తిరిగి విచ్చుకునే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు. రాక్ అండ్ పినియన్ స్టీరింగ్. ఆ ఆక్స్‌ఫర్డే రెండు రూపాలు మారి, సిరీస్ 3 దగ్గర మన అంబాసిడర్ అయింది. కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైంది. ఎన్నో మార్కులు మారినా టార్షన్ బారూ రాకూ అలాగే ఉన్నాయి.

రాక్‌తో వచ్చే సుఖం ఏంటంటే మధ్యలో కీళ్ళు తక్కువ, స్టీరింగ్ సూటిగా ఉంటుంది. కష్టం కూడా అందులోనే ఉంది. టైరాడ్ లోపలి కీలు ఎక్కడుండాలో రాక్ బిగించిన చోటే నిర్ణయిస్తుంది. రాక్ ఒక పక్క నాలుగు మిల్లీమీటర్లు లేస్తే ఆ పక్క కీలూ లేస్తుంది, ఆ చక్రం వృత్తం చెడుతుంది. పాత బండిలో ఇలా చెడడానికి దారులు చాలా ఉన్నాయి. ఎప్పుడో దెబ్బ తగిలి బ్రాకెట్ వంగుతుంది. స్టీరింగ్ ఆర్మ్ కంటికి కనపడనంత వంగుతుంది. బుష్షులు అరిగి కీళ్ళు తమ చోట్లోంచి జరుగుతాయి. ఇంకొకటి మన దేశంలో బాగా కనిపించేది, స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతోందని బండి ముందు భాగాన్ని ఎత్తించడం. టార్షన్ బార్‌ని కాస్త బిగిస్తే బండి లేస్తుంది. బాడీతో పాటు లోపలి కీళ్ళన్నీ లేస్తాయి, చేతులన్నీ కిందికి వాలతాయి. డిజైనర్ మూడు వృత్తాలూ బాగా కలిసే చోటునే బండి మామూలు ఎత్తుగా పెట్టుకుంటాడు. మనం ఎత్తించిన బండి ఆ చోటుకి దూరంగా, వృత్తాలు విడిపోవడం మొదలయ్యే చోట నిలబడుతుంది.

నాన్న బండికి రెండేళ్ళ కిందట ముందు భాగం ఎత్తించారు. దాంతో పాటే రేడియల్ టైర్లు వేయించారు. పాత క్రాస్ ప్లై టైర్లు చక్రం కొంచెం తిరిగినా బద్ధకంగా స్పందిస్తాయి. రేడియల్ టైరు ఆ కొంచెానికే పలుకుతుంది.

*

అలైన్‌మెంట్ యంత్రం ఇదంతా ఎందుకు పట్టుకోలేదంటే దాన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చదునైన నేల మీద, కదలకుండా నించున్న బండి చక్రాల కోణాలు మాత్రమే అది చెప్తుంది. ఆ ఒక్క ఎత్తులో టైరాడ్ పొడవు సర్ది చక్రాలు తిన్నగా ఉన్నట్టు చెయ్యొచ్చు, ఆకుపచ్చ కాగితం ఇవ్వొచ్చు. ఆ కాగితం అబద్ధం కాదు. గ్రూప్ ఫోటోలో నిటారుగా నించున్న మనిషి కుంటుతాడో లేదో ఫోటోలో తెలియదు, అంతే.

కాబట్టి చక్రాన్ని పైకీ కిందికీ ఆడించి, అడుగడుక్కీ కొలవాలి. విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆదివారం షెడ్డు ఖాళీగా ఉంటుంది రమ్మన్నాడు. అన్నయ్య దగ్గర్నుంచి తాళాలు తెచ్చి, కాలవ గట్టు మీద మెల్లగా నేనే నడిపాను. నాన్న పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి అలలో బండి దిగగానే స్టీరింగ్ నా చేతుల్లో ఎడమకి వాలింది. నాన్న నా వైపు చూడలేదు. "ఊఁ" అన్నాడు.

మేస్త్రీ బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, టార్షన్ బార్ ఉన్న చోటు సుద్దతో గుర్తు పెట్టుకుని, జాగ్రత్తగా దాని బలం విప్పాడు. బిగువులో ఉన్న ఉక్కు కడ్డీ అది, తెలిసిన చెయ్యే ముట్టుకోవాలి. చక్రం తీసేసి, హబ్ బోల్టులకి 400 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ ఒకటి అడ్డంగా బిగించాం. స్టీరింగ్‌ని తిన్నగా పెట్టి, కదలకుండా తాడుతో కట్టాం. బండి పక్కన బారుగా ఒక నూలుదారం లాగి కట్టాం. కింది చెయ్యి కింద జాకీ. పది మిల్లీమీటర్లు ఎత్తడం, దారం నుంచి పట్టీ ముందు కొసకి ఎంతుంది, వెనక కొసకి ఎంతుంది స్టీలు స్కేలుతో కొలవడం. చక్రం లేస్తూ పక్కకి కూడా జరుగుతుంది కాబట్టి రెండు అంకెలూ మారతాయి. మనకి కావాల్సింది వాటి తేడా. ఆ తేడా మారుతుంటే చక్రం తిరుగుతున్నట్టు.

నాన్న స్టూలు మీద కూర్చుని అంకెలు రాసుకున్నాడు. నేను చదివితే తిరిగి పైకి చదివి వినిపించేవాడు, బ్యాంకులో డబ్బు లెక్కపెట్టేటప్పటిలాగా.

కుడి పక్క మామూలు ఎత్తు నుంచి 50 మిల్లీమీటర్లు లేచేసరికి చక్రం ముందు అంచు 1.5 మిల్లీమీటర్లు బయటికి తిరిగింది. ఇది పెద్దగా పట్టించుకోవాల్సింది కాదు. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రం కొద్దిగా ఇలా విప్పుకుంటే బండి నెమ్మదిగా, భద్రంగా తిరుగుతుందని కావాలని ఉంచేవాళ్ళూ ఉన్నారు. ఎడమ పక్క అదే 50 మిల్లీమీటర్లకి 7 వచ్చింది. కిందికి 50 దించితే అంతే దగ్గరగా లోపలికి తిరిగింది.

మేస్త్రీ రెండు వరసల అంకెలూ చూసి ఏం మాట్లాడకుండా బండి కిందికి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచే, "సారూ, ఇక్కడ ఎవరో ప్యాకింగ్ పెట్టారు" అన్నాడు.

రాక్‌ని బాడీకి పట్టి ఉంచే ఎడమ బ్రాకెట్ కింద నాలుగు ఇనప ముక్కలున్నాయి. ఒక్కోటి 3 మిల్లీమీటర్ల మందం. శుభ్రంగా కోసి, బెజ్జాలు వేసి, నల్లరంగు కూడా పూశారు. నాన్నకి గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట బర్రె అడ్డొస్తే తప్పించబోయి ముందు చక్రం కల్వర్టు రాయికి కొట్టుకుంది. అప్పుడు ఇంకో ఊళ్ళో బాగుచేయించారు. బ్రాకెట్ కూర్చునే చోటు వంగి ఉంటుంది, బిగిస్తే రాక్ పట్టేసి ఉంటుంది, స్టీరింగ్ తేలిగ్గా తిరిగేదాకా ఆ పనివాడు ముక్కలు పేర్చి ఉంటాడు. ఆయన చూసింది స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోందా లేదా అని. తిరిగింది. చేసిన పని నీటుగానే ఉంది. వృత్తం సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు.

12 మిల్లీమీటర్లు ఇంత పని చేస్తుందా అనిపించొచ్చు. లెక్క కోసం గుండ్రటి అంకెలు తీసుకుందాం. టైరాడ్ 300 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ 130. లోపలి కీలు 10 మిల్లీమీటర్లు పైకి జరిగితే టైరాడ్ వాలు 30కి 1 చొప్పున మారుతుంది. చక్రం 50 లేచేసరికి టైరాడ్ కొస దగ్గర అడ్డంగా 1.7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 130 పొడవు మీద 1.7 అంటే ముప్పావు డిగ్రీ. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఒక చక్రం అర సెకను పాటు అలా తిరిగి ఉంటే బండి మొహం దాదాపు డిగ్రీ పక్కకి మళ్ళుతుంది. ఎవరూ సరిదిద్దకపోతే ఇంకో పది మీటర్లలో బండి జానెడుకి దగ్గరగా పక్కకొచ్చేస్తుంది. విశాలమైన హైవే మీద జానెడు తెలియను కూడా తెలియదు. కాలవ గట్టు మీద ట్రాక్టరుకీ మనకీ మధ్య మిగిలేది ఆ జానెడే.

ఇంకోటి కూడా ఉంది. రెండు పక్కలా ఒకేలా తప్పు ఉంటే, గుంటలో రెండు చక్రాలూ ఒకదానికొకటి ఎదురుగా తిరిగి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. టైర్లు అరుగుతాయి కానీ బండి దారి తప్పదు. ఒక పక్కే తప్పుంటే కొట్టెయ్యడానికి అవతల ఎవరూ లేరు.

*

వంగిన చోటు సరిచేయించి, ప్యాకింగ్ తీసేసి, బండి ఎత్తుని మామూలుకి దించి, మళ్ళీ కొలిచాం. ఎడమ 2, కుడి 1.5. ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాం. ఈసారి కూడా కాగితం ఆకుపచ్చగానే వచ్చింది, ముందు మూడుసార్లు వచ్చినట్టే.

ఇక్కడితో ఆపేస్తే ఇది నాన్న గెలిచిన కథ అవుతుంది. కానీ వెనక్కొచ్చేటప్పుడు ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ప్యాకింగ్ పెట్టి ఎనిమిదేళ్ళైంది. నాన్న చెప్పడం మొదలుపెట్టింది ఏడాదిన్నర కిందటే. మధ్యలో ఆరేళ్ళకి పైగా బండి బాగానే ఉందా?

ఉండి ఉండదు. ఎత్తించడం, రేడియల్ టైర్లు, ఏటికేడు పెరిగిన రోడ్డు అలలు, ఇవన్నీ జబ్బుని పెంచాయి, నిజమే. కానీ పెంచడానికి అక్కడ ముందే జబ్బుండాలి. ఆ ఆరేళ్ళూ ప్రతి అలకీ బండి కొంచెం ఎడమకి మళ్ళబోయింది, నాన్న చేతులు కొంచెం కుడికి పట్టాయి. ఆ సంగతి చేతులకి తెలుసు, ఆయనకి తెలియదు. మంచి డ్రైవర్లు చేసేదిదే, బండి తప్పులని తమ ఒంట్లోకి తీసుకుని పైకి కనపడనివ్వరు. 68 ఏళ్ళప్పుడు చేతులు అడక్కుండానే చేసిన పని 73కి వచ్చేసరికి ఒక్క క్షణం ఆలస్యమై ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో తప్పు బయటపడింది.

అంటే అన్నయ్య పూర్తిగా తప్పేం కాదు. వయసు ఉంది. కానీ ఆయన వయసు బండిని పాడుచెయ్యలేదు. బండి పాడైన సంగతిని ఇన్నాళ్ళూ కప్పిపెట్టిన బలం తగ్గింది, అంతే. ఈ రెండిటికీ మధ్య తేడా బయటికి కనిపించదు. అద్దం ఎగిరిపోవడం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. దేన్ని కొలవాలన్నప్పుడు మనం ముందు మనిషినే ఎంచుకుంటాం, మనిషి కింద పడుకుని చూడక్కర్లేదు కాబట్టి. న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ఫోన్లో ఐదు నిమిషాల్లో దొరికింది. రాక్ కింద నాలుగు ఇనప ముక్కలు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది.

అంకెల కాగితం ఫోటో అన్నయ్యకి పంపాను. ఆ రాత్రి ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. తాళాలు నాన్న దగ్గరే ఉంటాయి. చీకటి పడ్డాక బండి తియ్యకూడదు, గట్టు మీద 40 దాటకూడదు. కళ్ళు చూపించుకోవాలి. నాన్న అన్నిటికీ ఒప్పుకున్నాడు. కళ్ళు చూపిస్తే కుడి కంట్లో శుక్లం ఉందని తేలింది. ఆపరేషన్ చేయించాం. ఆ జబ్బుకి పేరుంది, కొలత ఉంది, మందు ఉంది. దాని గురించి ఎవరూ వాదించలేదు.

తర్వాత ఒకసారి ఊరెళ్ళినప్పుడు పక్క సీట్లో కూర్చుని ఆయన చేతుల్నే చూశాను. కాలవ గట్టు అలల మీద బండి కూర్చుంటోంది, లేస్తోంది. స్టీరింగ్ మీద వేళ్ళు వదులుగా ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల మాత్రం బండి దిగుతుండగా చెయ్యి కొద్దిగా కుడికి జరిగింది, అవసరం లేకపోయినా. ఆరేళ్ళ అలవాటు అంత తొందరగా పోదు.

డ్యాష్‌బోర్డ్ అరలో 1984 నుంచి ఆయన రాస్తున్న బండి పుస్తకం ఉంటుంది. ఆయిల్ మార్చిన తేదీలు, టైర్లు, కిలోమీటర్లు. ఆ ఆదివారం కింద ఇంగ్లీషు కాపిటల్ అక్షరాలలో ఎడమ రాక్ ప్యాకింగ్ 12 మిల్లీమీటర్లు తీసేసినట్టు రాసి ఉంది. పక్కనే తెలుగులో, చిన్న అక్షరాలతో, "నేను తిప్పలేదు" అని ఉంది. కింద గీత కూడా గీశాడు, స్కేలు పెట్టి.